పొగడ్తకు ఖండన వేయరు

బేరాల్లో నన్ను మించినవాడు బిలాస్‌పూర్‌లో లేడని ముందే చెప్పేస్తున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఒక హిందీ దినపత్రికలో సిటీ రిపోర్టరుగా పనిచేశాను. ఒక ఆదివారం సాయంత్రం, టీ చల్లారేలోగా, నేను కుదిర్చిన బేరం లాంటిది ఆ ఆఫీసులో మరొకరు కుదర్చలేదు. ఒక మనిషి అన్న మంచి మాట తీసేసి, దాని బదులు అతని కండలు పేజీ నెత్తిన పెట్టించాను. ఊరంతా మెచ్చుకుంది. ఆ మనిషి మాత్రం నాతో పదకొండు నెలలు మాట్లాడలేదు.

ఫోనులోనే వార్త రాసి ఫోనులోనే పంపేస్తున్న ఈ కాలం పిల్లలకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. హిందీ బళ్ళలో చదివి తెలుగు చదవడం కష్టమైతే ఇంట్లో అమ్మమ్మ చేత చదివించుకోండి. ఆవిడకు కొన్నిచోట్ల నవ్వొస్తుంది. నవ్వనివ్వండి.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బొగ్గింజన్ల కాలంలో ఇక్కడికొచ్చాడు. తోటివాళ్ళంతా రైల్వేలో చేరితే ఆయన రైల్వే కాలనీ గేటు పక్కన కిరాణా కొట్టు పెట్టాడు. తర్వాత మా నాన్న కూర్చున్నాడు. నేను మాటలు నేర్చిందీ, మాట తిప్పడం నేర్చిందీ ఆ కొట్లో తక్కెడ వెనకే. అందుకే నా స్నేహితుడు నన్ను ‘తక్కెడ’ అని పిలిచేవాడు. ఇప్పటికీ అలాగే పిలుస్తాడు.

అతను లోకో షెడ్డులో పనిచేసే ఫిట్టరుగారి అబ్బాయి. మేమిద్దరం ఒకే బెంచీ. ఎనిమిదో తరగతిలో ఒకరోజు మా కొట్టు ముందు దించిన ఉప్పు బస్తాను ఒక్కడే ఎత్తి లోపల పెట్టేశాడు. మా అమ్మ అతనికి బెల్లం ముక్క పెట్టి, నా వైపు తిరిగి, “సూడు ఆ గుంటడ్ని. నువ్వూ ఉన్నావు, అగ్గిపుల్లలాగ,” అంది. బెల్లం అతనికి, పుల్ల నాకు. ఆ పంపకం మళ్ళీ మారలేదు. తొమ్మిదిలో అతనికి మీసం వచ్చింది. నాది ఇప్పటికీ వెయిటింగ్ లిస్టులోనే ఉంది. అతను బరువులెత్తి పతకాలు తెచ్చి, స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం కొట్టాడు. డ్యూటీ అయ్యాక ఒక పాత గోడౌనులో జిమ్ము నడిపేవాడు. కుస్తీ ఏనాడూ పట్టకపోయినా కాలనీ మొత్తం అతన్ని పైల్వాన్ అనే పిలిచేది. మా ఇంట్లో గ్యాస్ బండ మేడ ఎక్కాలన్నా, “అన్నయ్యగారికి కబురు పెట్టండి. మీరెత్తితే నడుం పట్టేస్తాది,” అనేది మా ఆవిడ.

నేను ఓర్చుకున్నాను. ఎలా ఓర్చుకున్నానంటే, లోపల ఒక వాటా పత్రం రాసుకున్నాను. కండ అతనిది, మాట నాది. దేవుడు అతని భుజాల్లో పోసినదంతా తలలో తగ్గించి ఉంటాడని నా నమ్మకం. అసూయపడేవాడికి ఇలాంటి నమ్మకం ఒకటి లేకపోతే రాత్రి అన్నం సయించదు.

ఇక అసలు సంగతి. స్వలింగ ప్రేమ నేరం కాదని పెద్ద కోర్టు తీర్పు చెప్పిన కొన్ని నెలలకు, ఒక గూడ్స్ గార్డు మా ఇంటికొచ్చాడు. మన తెలుగువాడే. ముప్పై అయిదేళ్ళుంటాయి. పొట్టిచేతుల చొక్కా, ఇస్త్రీ ప్యాంటు, చేతిలో డ్యూటీ బ్యాగు. తాను గే అని, బిల్హా లోకల్ రైలు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా చెప్పాడు.

“అంకుల్, ఆదివారం మా వాళ్ళం చిన్న ఊరేగింపు చేస్తన్నాం. అది పెద్ద బాత్ కాదు. అసలు అడగాల్సింది హాలు. మన తెలుగోళ్ళ హాలు ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీయే కదా. మాలాంటోళ్ళ అమ్మానాన్నలు వచ్చి కూర్చుని మాట్లాడుకోడానికి రెండు గంటలు ఇమ్మని కమిటీకి అర్జీ పెట్టాం. సోమవారం సాయంత్రం మీటింగు.”

“హాలే ఎందుకు? ఏ హోటల్లోనో కూర్చోవచ్చుగా?”

అతను బ్యాగు కింద పెట్టాడు. “నాలుగేళ్ళ కిందట మా అమ్మకి చెప్పేశాను. అప్పట్నుంచి ఫోన్లో రెండే మాటలు. తిన్నావా, డ్యూటీ ఎప్పుడు. అంతే. దయాల్‌బంద్‌లో ఉంటాది, ఇక్కడికి ఎంత దూరం చెప్పండి? మొన్న ఒక్కటే అంది. ‘ఆ హాల్లో అయితే వస్తాను. నలబై ఏళ్ళు భజన చేసిన చోటు. అక్కడ పెద్దలు రమ్మంటే తలెత్తుకుని వస్తాను. ఇంకెక్కడికీ పిలవకు’ అని. అందుకే అంకుల్, హాలు ఎందుకు అడుగుతన్నామో రెండు ముక్కలు వెయ్యండి. కమిటీ ప్రెసిడెంటు తాతగారు పొద్దున్నే మీ పేపరే చదువుతారు.”

“వేయిస్తాను, వెళ్ళు,” అన్నాను. నా మాట మీద నాకు అంత ధీమా.

ఆదివారం ఉదయం ముప్పై మంది కంటే ఎక్కువ లేరు. ఏడు రంగుల బ్యానరు ఒక చివర గార్డు పట్టుకున్నాడు. రెండో చివర పట్టుకున్న కాలేజీ అమ్మాయిని గాలి లాగేస్తోంది. అప్పుడొచ్చాడు పైల్వాన్, జిమ్ములోంచి నేరుగా, బనీను మీదే. “ఇలా ఇవ్వమ్మా,” అని ఆ చివర అందుకున్నాడు. బ్యానరు రైలు పట్టాలాగ బిగిసింది.

మా ఫోటోగ్రాఫరు అప్పటిదాకా లిప్‌స్టిక్ వేసుకున్న మగపిల్లవాడి కోసం వెతుకుతున్నాడు. ముప్పై మందిలో ఒక్కడు దొరికాడు, ఆ ఒక్కడికే పది ఫోటోలు తీశాడు. ఆఫీసు గుమాస్తాలు, నర్సు, బ్యాంకు ఉద్యోగి, పొట్టిచేతుల చొక్కా గార్డు అతని కంటికి ఆనలేదు. పైల్వాన్ రాగానే లిప్‌స్టిక్‌ను వదిలేసి ఇటు పరిగెత్తాడు. ఆ రోజుల్లో మా వృత్తిలో అదొక అచ్చు. వీళ్ళ పక్షాన ఆడమనిషి నిలబడితే ‘మమత’ అని రాసేవాళ్ళం, మగాడు నిలబడితే ‘దమ్ము’ అని. మగాడైతే ఎంత ఎత్తు, ఎంత ఛాతీ, పెళ్ళయిందా అని కూడా రాయాలి. అతను ‘వాళ్ళలో ఒకడు’ కాదని పాఠకుడికి పూచీ ఇవ్వాలన్నమాట.

అందుకని నేనూ అడిగాను. “ఒరే, అడగాలి కాబట్టి అడుగుతున్నాను. నువ్వు కూడా వాళ్ళలో ఒకడివా అని జనం అనుకుంటారు. ఏటి రాయమంటావు?”

పకపకా నవ్వాడు. తర్వాత బ్యానరు అవతలి చివర నడుస్తున్న గార్డు వైపు చూశాడు. నవ్వు ఆగింది.

“ఔనంటే అబద్ధం. కాదు కాదని గట్టిగా అన్నాననుకో, ఏదో మరక పడితే దులుపుకున్నట్టు ఉంటాది. నా పక్కన నడిసేవోడికి ఎలగుంటాది సెప్పు? ఆడు నా జిమ్ముకి పదేళ్ళుగా వస్తన్నాడు. రమ్మన్నాడు, వచ్చాను. అందుకని ఆ ప్రశ్నకి జవాబు సెప్పను. అలగే రాయి. ‘జవాబు సెప్పను అన్నాడు’ అని రాయి.”

నోటుబుక్కులో అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. రాజధానుల్లో పెద్ద పెద్ద వాళ్ళ ఇంటర్వ్యూలు చదివాను, ఆ ప్రశ్నకు ఆ జవాబు ఎక్కడా చదవలేదు. బనీను వేసుకుని, చంకలో చెమటతో, ఎనిమిదో తరగతిలో నా నోట్సు చూసి రాసినవాడు, రోడ్డు మీద నడుస్తూ అనేశాడు. కండ అతనిది, మాట నాది అని కదా పంపకం? ఆ ఉదయం నా వాటాలోకి కూడా వచ్చేశాడు.

సాయంత్రం ఆఫీసులో, ఊరి వార్తల పేజీలు చూసే సిటీ చీఫ్ ముందు కూర్చున్నాను. ఆయన హిందీ మనిషి, చెడ్డవాడు కాదు, తొందరవాడు. “ఊరేగింపా? లోపలి పేజీలో ఆరు సెంటీమీటర్లు,” అన్నాడు. కొట్లో పెరిగినవాడు మంచి సరుకు ముందే విప్పడు. గార్డు సంగతి, హాలు సంగతి చెప్పాను. ఆయన ఆవలించాడు. అప్పుడు పైల్వాన్ ఫోటో బల్ల మీద పెట్టాను.

“అరే వాహ్! యే తో అసలీ మర్ద్ హై!” లేచి నిలబడ్డాడు. అసలైన మగాడట. తర్వాత కళ్ళద్దాలు పైకి తోసి, “ఇతను కూడా అలాంటివాడేనా?” అని అడిగాడు.

నోటుబుక్కు నా జేబులోనే ఉంది. తీసి ఆ వాక్యం చదివితే సరిపోయేది. ఆయన ఒప్పుకునేవాడో లేదో నాకు తెలియదు, ఎందుకంటే నేను తీయలేదు. “ఛఛ, కాదు సార్. భార్య, ఇద్దరు పిల్లలు. రోజుకు పన్నెండు గుడ్లు తింటాడు,” అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. “కావాలంటే పక్కన ఒక బాక్సు వేద్దాం. ఎత్తు, బరువు, తిండి, కుటుంబం,” అని నేనే సరుకు పెంచాను. ఆయన అడగలేదు.

పేజీ నెత్తిన ఇరవై రెండు సెంటీమీటర్లు ఖాయమయ్యాయి. బాక్సు పట్టడానికి కింద చోటు చాలలేదు. హాలు గురించి గార్డు చెప్పిన రెండు పేరాలు నా చేత్తోనే కోశాను. రేపు వేద్దాంలే అనుకున్నాను. మా కొట్లో ‘అరువు రేపు’ అని బోర్డుండేది. అది రోజూ అలాగే ఉండేది, అందులోని రేపు ఎవరికీ వచ్చేది కాదు. ఆ బోర్డు కింద పెరిగినవాడిని నేను.

స్నేహితుడికి మంచి పేరు తేవడానికే చేశానని ఆ రాత్రి మా ఆవిడకు చెప్పాను. అందులో నిజం కొంచెం ఉంది. మిగతాది ఇది: కండలు ఎంతైనా ఇచ్చేస్తాను, ఆ మాట మాత్రం అచ్చులో అతని పేరున చూడలేను.

సోమవారం పేపరు వచ్చింది. ‘వంద కిలోలు ఎత్తే చెయ్యి వాళ్ళకు అండ’ అని పెద్ద అక్షరాలు, కింద ‘మీసమున్న మగాడి దమ్ము’. పైల్వాన్ బాగా కనబడాలని ఫోటోను అంచుల్లో కోశారు. బ్యానరు అవతలి చివర గార్డు నాలుగు వేళ్ళు మాత్రం మిగిలాయి.

టీకొట్టు దగ్గర, స్టేషను ముందు, ఎక్కడ చూసినా అదే మాట, ఏం మగాడు, ఏం మగాడు అని. జిమ్ములో చేరడానికి కుర్రాళ్ళు క్యూ కట్టారు. మా ఆవిడ కత్తెర తీసింది. ముప్పై ఏళ్ళ నా రాతల్లో ఆవిడ కత్తిరించి బీరువాలో దాచిన కటింగ్ అదొక్కటే. దాచింది నా రాత కోసం కాదు. “అన్నయ్యగారు ఎంత బాగా పడ్డారో!” అంది. అతన్ని తగ్గించబోయి ఊరికంతటికీ పెంచి కూర్చున్నాను. అసూయతో బేరం చేసినవాడికి సరిగ్గా ఇదే గిట్టుబాటు.

మధ్యాహ్నం అతను మా ఇంటికొచ్చాడు, వెనకాల గార్డు. కూర్చోమంటే కూర్చోలేదు.

“నాను అన్న మాటేదిరా తక్కెడ?”

“చోటు చాల్లేదురా. అయినా నిన్ను పొగిడాను కదా?”

“పొగిడావు. ఆడి నెత్తి మీద నన్ను నిలబెట్టి పొగిడావు. నాను సెప్పనన్న జవాబు నువ్వు సెప్పేసినావు. ఎవుడడిగాడు నిన్ను?”

గార్డు కోప్పడలేదు. ప్లాట్‌ఫారం నంబరు కనుక్కుంటున్నట్టు అడిగాడు. “అంకుల్, మా కోసం ఒక మగాడు వచ్చాడని రాశారు. మరి మేమేటి?”

వాళ్ళకు టీ పెట్టమని మా ఆవిడకు కేక వేశాను.

ఆ సాయంత్రం కమిటీ మీటింగుకు వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాను. ప్రెసిడెంటు పెద్దాయన రిటైరైన రైల్వే ఉద్యోగి, ఎవరి మనసూ నొప్పించని మనిషి. చేతిలో మా పేపరు ఊపుతూ లేచాడు.

“ఈళ్ళు అర్జీ పెడితే ఏటో అనుకున్నాను గానీ, మన పైల్వాన్ ముందుంటే మనకేటి అభ్యంతరం? హాలు ఇచ్చేద్దాం. ఒక్కటే షరతు. ప్రతి ఆదివారం పైల్వాన్ గుమ్మం దగ్గర కుర్సీ వేసుకుని కూర్సోవాల. మన హాలుకి సెడ్డపేరు రాకుండా.”

జనం చప్పట్లు కొట్టారు. పైల్వాన్ లేచాడు. “తాతగారూ, నాను గుమ్మంలో కూర్సుంటే సెడ్డపేరు రాదంటే, లోపల ఆళ్ళు కూర్సుంటే వస్తాదని కదా? ఆ కుర్సీ నాకొద్దు.”

“అలగంటే ఎలగరా? పేపర్లో నిన్ను సూసే కదా మేం ఒప్పుకున్నాం!”

గార్డు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “మా అమ్మ నా పక్కన కూర్చోడానికి వస్తానంది తాతగారూ. నా మీద కాపలా పెట్టాక కాదు. మా అర్జీ వాపసు ఇచ్చెయ్యండి.”

ఇద్దరూ బయటికి నడిచారు. హాలు తలుపు దగ్గర చెప్పులు వెతుక్కుంటూ గార్డు ఒకసారి వెనక్కి చూశాడు, వాళ్ళమ్మ భజనకు కూర్చునే వైపు. నేను అప్పుడు ఏం ఆలోచిస్తున్నానో నిజం చెబుతాను. ఆ కుర్చీ మాట పైల్వాన్ ఎంత బాగా అన్నాడు, నాకెందుకు తట్టలేదు అని. మళ్ళీ అదే మంట.

మర్నాడు సిటీ చీఫ్ దగ్గరికి వెళ్ళాను. అతను అనని మాట వేశాం, అన్న మాట వదిలేశాం, మూడు లైన్ల సవరణ వేద్దాం అన్నాను. ఆయన నవ్వి, “అరే భాయ్, తారీఫ్ కా భీ ఖండన్ ఛప్తా హై క్యా?” అన్నాడు. పొగడ్తకు కూడా ఎవరైనా ఖండన వేస్తారా అని. తిట్టిన వార్తకు ఖండన వేయడానికి పేజీలో ఒక మూల ఉంది. తప్పుగా పొగిడిన వార్తకు ఏ పేజీలోనూ చోటు లేదు. నేను గట్టిగా అడిగానని చెప్పుకోను. సంచీ తెరిచి పట్టుకుని మరీ రేటు తగ్గించమనే కొనుగోలుదారు ఉంటాడు చూడండి, అంత గట్టిగా అడిగాను.

ఆ తర్వాత వాళ్ళు పైల్వాన్ జిమ్ములోనే కూర్చోవడం మొదలుపెట్టారు. ఆదివారం మధ్యాహ్నం అతను ఇనుమంతా గోడవారకు జరిపి చాపలు పరిచేవాడట. కొందరి తల్లులు వచ్చారు, ఒక తండ్రి వచ్చాడు. గార్డు తల్లి రాలేదు. “ఆ ఇనప సామాను మద్దిన నానేటి కూర్సుంటాను? పెద్దలు పిలిస్తే గదా,” అందట. ఫోన్లో మళ్ళీ అవే రెండు మాటలు.

పైల్వాన్ నాతో పదకొండు నెలల తర్వాత మాట్లాడాడు. మా ఆవిడే గ్యాస్ బండకని పిలిచింది. ఎత్తి, మేడ మీద పెట్టి, దిగుతూ, “ఏరా తక్కెడ,” అన్నాడు. అంతే. నేను క్షమించమని అడగలేదు, అతను అడిగించుకోలేదు. ఆదివారాలకు మాత్రం నన్ను ఎప్పుడూ పిలవలేదు. పిలుస్తాడేమోనని ఆరేళ్ళు చూశాను. ఆ చాపల మీద కూర్చునే ప్రతి మనిషి మీదా నాకు కుళ్ళుగా ఉండేది.

రిటైరయ్యాక ఊరి చివర మోప్కాలో ఇల్లు కట్టుకున్నాను. మొన్న చలికాలం, పిలవకుండానే, బండేసుకుని వెళ్ళాను. పైల్వాన్ నన్ను చూసి చాప మీద కాస్త చోటు చూపించాడు. నాకు మోకాళ్ళు సహకరించక, బరువులెత్తేవాళ్ళు వెల్లకిలా పడుకునే బల్ల ఒకటుంటే దాని అంచున కూర్చున్నాను. ఆ బల్ల మీద అప్పటికే తువ్వాలు మడిచి వేసుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో స్టీలు డబ్బా, అందులో చేగోడీలు. అవతల గార్డు అందరికీ టీ పోస్తున్నాడు. ఆవిడ అతని తల్లి.

మూడేళ్ళు భీష్మించుకుని, ఒక ఆదివారం ఎవరూ పిలవకుండానే ఈ-రిక్షా ఎక్కి వచ్చిందట. అప్పట్నుంచి ఒక్క వారం మానలేదట. నేనెవరో ఆవిడకు తెలియదు. రెండు చేగోడీలు నా చేతిలో పెట్టి, నెమ్మదిగా, నన్ను ఇబ్బంది పెట్టకూడదన్నట్టు అడిగింది.

“నువ్వు కూడానా బాబూ?”

“కాదమ్మా! కాదు కాదు! నాకు పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు,” అన్నాను.

అనేశాకే విన్నాను, నేనన్నది. చేగోడీ చేతిలో అలాగే ఉంది. ఆవిడ నా మోచేతి మీద తట్టి, “అయితే మాత్రం ఏటయ్యింది బాబూ? అంత కంగారెందుకు, తిను,” అంది.

గోడవారన పైల్వాన్ మీసం ఊగిపోయేలా నవ్వుతున్నాడు. “రాసుకోరా తక్కెడ, బాక్సు!” అని అరిచాడు. గార్డు కూడా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది గానీ కొంచెం ఆలస్యంగా.

ఇంతకీ తేలిన లెక్క చెప్పి వెళ్ళిపోతాను. పైల్వాన్‌కు ఇరవై రెండు సెంటీమీటర్లు దక్కాయి, అతనికి అక్కర్లేనివి. పన్నెండు గుడ్లన్నది కూడా నా కల్పనే, ఆరే తింటాడు. గార్డుకు నాలుగు వేళ్ళు. నాకు బీరువాలో ఒక కటింగ్. అతను ఊరందరి ముందు నడుస్తూ ఎత్తిన బరువును నేను ఒక ముసలావిడ ముందు, కూర్చుని కూడా ఎత్తలేకపోయాను. కాబట్టి అసూయ తగ్గలేదు. ఏ సరుకు మీదో ఇప్పటికి తెలిసింది, అంతే. ‘జవాబు చెప్పను’ అన్న మాట అతనిదని ఇక్కడ అచ్చువేశాను, అది యజమానికి చేరింది. హాలుతో దొరకాల్సిన తల్లి గార్డుకు మూడేళ్ళు ఆలస్యంగా దొరికింది. ఆ మూడేళ్ళను మాత్రం సిటీ చీఫ్ మీదికీ కమిటీ మీదికీ తోసేద్దామని చాలా బేరమాడాను. తెగలేదు. అవి నావే.